చెవి కొరికితే ఏ కోడ్? డాక్టర్ నోట్‌లో రాసిన మాటే తేలుస్తుంది

క్లుప్తంగా: డాక్టర్ నోట్ చదివి గాయాన్నీ చికిత్సనూ బిల్లు కోసం కోడ్‌లుగా మార్చే పనే మెడికల్ కోడింగ్. అమెరికా మెడికల్ కోడింగ్‌లో చెవి కాటుకు ఒకటే కోడ్ అంటూ లేదు. పైపైన పంటి గాట్లు పడ్డాయా, చర్మం తెగిందా, చెవి ముక్కే ఊడిపోయిందా అన్నదాన్ని బట్టి కేసు మూడు వేర్వేరు చోట్లకు పోతుంది. ఆ తర్వాత ఏ వైపు చెవి, ఎవరు కరిచారు, కావాలని కరిచారా, చికిత్స ఏ దశలో ఉంది, గాయం ఎలా కుట్టారు అనే ప్రశ్నలు వరుసగా వస్తాయి. కోడర్ ఆ చెవిని ఎప్పుడూ చూడడు కాబట్టి జవాబులన్నీ డాక్టర్ నోట్‌లో ఉండాల్సిందే. లేకపోతే నిబంధనలు తమంతట తామే ఏదో ఒకటి అనుకుంటాయి, అది జరిగినదానికి దూరంగా ఉన్నా సరే.

కోడర్ చేతిలో ఉండేది నోట్ ఒక్కటే

అమెరికా ఆసుపత్రుల ఎమర్జెన్సీ చార్టులు, అంటే రోగుల రికార్డులు, కోడ్ చేసే పనిలో హైదరాబాద్ పేరు గట్టిగానే వినిపిస్తుంది. బీఫార్మసీ, లైఫ్ సైన్సెస్, ఫిజియోథెరపీ చదివినవాళ్లు అమీర్‌పేటలోనో ఇంకెక్కడో కోచింగ్ తీసుకుని, ఏఏపీసీ అనే అమెరికా సంస్థ కోడర్లకు పెట్టే సీపీసీ పరీక్ష రాసి ఇందులోకి వస్తుంటారు. వంద ప్రశ్నలు, నాలుగు గంటలు, కోడ్ పుస్తకాలు ఎదురుగా పెట్టుకునే రాయొచ్చు. అంటే కోడ్‌లు బట్టీపట్టడం కాదు అసలు పని, నోట్‌లో ఉన్న మాటను పుస్తకంలో సరైన చోటికి చేర్చడం. కుక్కకాటు అనగానే చాలామందికి చెయ్యో కాలో గుర్తొస్తుంది, చెవి ఎప్పుడో గానీ రాదు. వచ్చినప్పుడు మాత్రం ఎక్కడ పొరపాటు పడతారో ముందే చెప్పొచ్చు, ఎందుకంటే ఈ చిన్న అవయవం దగ్గర కోడింగ్ నిబంధనలు దాదాపు అన్నీ ఒకేసారి అడ్డుపడతాయి.

అమెరికాలో జబ్బులకూ గాయాలకూ వాడేది ఐసీడీ-10-సీఎం. 2015 అక్టోబర్ 1 నుంచి ఇది అమల్లో ఉంది, ఏటా అక్టోబర్ 1న కొత్త మార్పులు వస్తాయి. డాక్టర్ చేసిన పనికి, అంటే కుట్లు, ఇంజెక్షన్లు, పరీక్ష చేసి చూడటం లాంటివాటికి వాడేది సీపీటీ. మొదటిది ‘ఏమైంది’ అని చెబుతుంది, రెండోది ‘ఏం చేశారు’ అని. ఈ రెండూ పొంతన లేకుండా ఉంటే ఇన్షూరెన్స్ కంపెనీ డబ్బులు ఆపేస్తుంది.

మూడు దారులు ఎక్కడ చీలతాయి

చర్మం తెగి తెరుచుకున్న కాటు అయితే ఎస్01.35 కుటుంబంలోకి వెళ్తుంది. చివరి అంకె 1 అయితే కుడి చెవి, 2 అయితే ఎడమ, 9 అయితే ఏ వైపో నోట్‌లో లేదని. కుడి చెవికి అసలు చికిత్స జరుగుతున్న దశ అయితే పూర్తి కోడ్ ఎస్01.351ఏ. రెండు చెవులకూ కలిపి ఒకే కోడ్ ఇక్కడ లేదు, రెండూ గాయపడితే రెండు కోడ్‌లు ఇవ్వాలి.

పళ్ల గుర్తులు పడి, కమిలి, చర్మం మాత్రం తెగకపోతే ఎస్00.47. పురుగు కుట్టడం మళ్లీ ఇందులోకి రాదు, దానికి ఎస్00.46 వేరుగా ఉంది. పామో తేలో లాంటి విషప్రాణి అయితే కేసు ఏకంగా టీ63 వైపు వెళ్లిపోతుంది.

చెవిలో కొంత భాగమైనా ఊడిపోతే అది ఇక తెరుచుకున్న గాయాల గుంపులో ఉండదు. ఎస్08.1 అంటే దెబ్బ వల్ల చెవి తెగిపోవడం. పూర్తిగా పోతే ఎస్08.11, కొంత పోతే ఎస్08.12.

చాలామంది కొత్త కోడర్లు ఇక్కడే తడబడతారు. డాక్టర్ నోట్‌లో ‘కుక్క కరిచింది, కుడి చెవికి 2 సెంటీమీటర్ల లేసరేషన్’ అని ఉంటే చెయ్యి నేరుగా లేసరేషన్ (చీలిన గాయం) కోడ్ ఎస్01.31 మీదికి పోతుంది. కానీ ఆ చీలిక పంటితో అయింది, కాబట్టి అది కాటు గాయమే. ఓపెన్ బైట్‌కు, అంటే తెరుచుకున్న కాటుకు, సొంత కోడ్ ఉన్నప్పుడు లేసరేషన్ కోడ్ ఇస్తే తప్పు. పంక్చర్ అని రాసినా అంతే, పిల్లి పళ్లు సూదిలా దిగుతాయి కాబట్టి డాక్టర్లు ఆ మాట తరచూ వాడతారు.

రెండో ఇబ్బంది ఇంకాస్త లోతుగా ఉంటుంది. నోట్‌లో ‘చెవి మీద కుక్కకాటు’ అని మాత్రమే ఉంటే? కోడ్ పుస్తకం సూచికలో కాటు కింద చెవి అని వెతికితే మొదట వచ్చేది ఎస్01.35. పైపైన అనే మాట విడిగా రాసి ఉంటేనే ఎస్00.47కు పోగలం. అంటే డాక్టర్ ఏమీ చెప్పకపోతే గాయం తెరుచుకున్నట్టే లెక్క. చర్మం చెక్కుచెదరకుండా ఇంటికెళ్లిన పిల్లాడి రికార్డులో కూడా ఓపెన్ బైట్ అని పడిపోతుందన్నమాట.

మూడోది అవల్షన్, అంటే ఊడి రావడం, అనే మాట. దీన్ని డాక్టర్లు చర్మం లేచిపోయినా రాస్తారు, చెవి ముక్క పోయినా రాస్తారు. ఏది జరిగిందో కోడర్ ఊహించకూడదు, డాక్టర్‌ను అడగాలి. ఆ అడగడాన్నే క్వెరీ అంటారు. ‘ఇది పార్షియల్ యాంప్యుటేషన్ (కొంత భాగం తెగిపోవడం) కదా, అలా రాసెయ్యండి’ అన్నట్టు క్వెరీ పెట్టడానికి వీల్లేదు. నోట్‌లో ఉన్న వివరాలు చూపించి, ఏది సరైనదో చెప్పమని తటస్థంగా అడగాలి. సమయం పడుతుంది, బిల్లు అక్కడే ఆగుతుంది. అందుకే క్వెరీ పంపకుండా ఏదో ఒక కోడ్ ఇచ్చేద్దామన్న తొందర పుడుతుంది. టార్గెట్ల మీద నడిచే పనిలో ఇది అర్థం కాని విషయమేమీ కాదు, అయినా ఆడిట్‌లో దొరికేది సరిగ్గా ఇదే.

అందరికీ తెలిసిన కేసు ఒకటి

1997 జూన్ 28న లాస్ వెగాస్‌లో ఇవాండర్ హోలీఫీల్డ్, మైక్ టైసన్ బాక్సింగ్ మ్యాచ్. మూడో రౌండ్‌లో టైసన్ ముందు హోలీఫీల్డ్ కుడి చెవి పైభాగం కొరికి ముక్క ఊడదీశాడు, ఆట మళ్లీ మొదలయ్యాక ఎడమ చెవి కూడా కొరికాడు. టైసన్‌ను డిస్‌క్వాలిఫై చేశారు, నెవాడా అథ్లెటిక్ కమిషన్ లైసెన్సు రద్దు చేసి 30 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

అప్పుడు అమెరికాలో వాడుతున్నది ఐసీడీ-9-సీఎం. అందులో చెవి కాటు, కోత, చీలిక, తెగిపోవడం అన్నీ 872 అనే ఒకే గుంపులో ఉండేవి. కుడి ఎడమల ప్రస్తావనే లేదు. ఆ రాత్రి రెండు చెవులకూ రెండు వేర్వేరు గాయాలైనా కోడ్ చూసి ఆ సంగతి చెప్పలేం.

అదే కేసు ఇప్పటి పద్ధతిలో రాస్తే బొమ్మ మారిపోతుంది. కుడి చెవి ముక్క పోయింది కాబట్టి ఎస్08.121ఏ. ఎడమ చెవి చర్మం తెగిందని డాక్టర్ రాస్తే ఎస్01.352ఏ, పళ్ల గుర్తులు మాత్రమే అంటే ఎస్00.472ఏ. ఒకే మనిషి, ఒకే రౌండ్, రెండు వేర్వేరు అధ్యాయ భాగాల కోడ్‌లు. వీటికి తోడు బాక్సింగ్ చేస్తూ అని వై93.71, డబ్బు కోసం చేసే పనిలో ఉండగా అని వై99.0 కూడా కలుస్తాయి. పాత పద్ధతిలో చెవికి దెబ్బ తగిలిందని తెలిసేది, కొత్తదాంట్లో దాదాపు కథంతా తెలుస్తుంది. కాకపోతే కథంతా ఎవరో ఒకరు రాసి ఉండాలి.

ఎవరు కరిచారు, ఎందుకు కరిచారు

గాయానికి కారణం చెప్పే కోడ్‌లు వేరు. కుక్క అయితే డబ్ల్యూ54.0, పిల్లి అయితే డబ్ల్యూ55.01. డబ్ల్యూ54.0ఎక్స్ఎక్స్ఏ లాంటి కోడ్‌లో మధ్యలో వచ్చే ఎక్స్‌లకు అర్థమేమీ లేదు, ఏడో స్థానంలో రావాల్సిన అక్షరం ఏడో స్థానంలోనే పడటానికి ఖాళీలు నింపడం అంతే. ఈ కారణం కోడ్‌లు ఎప్పుడూ మొదటి వరుసలో రావు. దేశమంతటా వీటిని తప్పనిసరి చేసే నిబంధన కూడా లేదు, రాష్ట్రమో ఇన్షూరెన్స్ సంస్థో అడిగితేనే తప్పనిసరి. అయినా ఇవ్వమనే సలహా ఇస్తారు, ఎందుకంటే ఖర్చు కుక్క యజమాని ఇంటి బీమా భరించాలా, పని చేసే చోటి బీమా భరించాలా అన్నది తేల్చడానికి ఇవి పనికొస్తాయి.

మనిషి కరిస్తే చిక్కు మొదలవుతుంది. పొరపాటున అయితే డబ్ల్యూ50.3, దాడి అయితే వై04.1. డేకేర్‌లో రెండేళ్ల పిల్ల పక్క పిల్లాడి చెవి కొరికితే మొదటిది. బార్‌లో కొట్లాట అయితే రెండోది. మరి నోట్‌లో ‘మనిషి కాటు’ అని మాత్రమే ఉంటే? ఉద్దేశం తెలియనప్పుడు పొరపాటుగానే లెక్కించమని మార్గదర్శకాలు చెబుతున్నాయి. తేల్చలేకపోయామని డాక్టరే రాస్తే తప్ప ‘తేలలేదు’ అనే కోడ్ వాడకూడదు. ఫలితం ఏమిటంటే, డాక్టర్ ఒక్క మాట వదిలేస్తే దాడి కాస్తా లెక్కల్లో ప్రమాదంగా మారిపోతుంది.

ఇంట్లో హింస కేసుల్లో దీని బరువు ఎక్కువ. భర్త కొట్లాటలో చెవి కొరికాడని, ఇది గృహహింసేనని డాక్టర్ నిర్ధారించి రాస్తే టీ74 గుంపు కోడ్ ముందు రావాలి, అనుమానం మాత్రమే అయితే టీ76. చెవి గాయం కోడ్ ఆ తర్వాతి వరుసలోకి వెళ్తుంది. కోడ్‌ల క్రమమే మారిపోతుంది కాబట్టి కోడర్ సొంతంగా అనుకుని ఇవ్వగలిగిన కోడ్ కాదిది.

ఏడో అక్షరం: ఏ, డి, ఎస్

గాయం కోడ్ చివర ఏడో స్థానంలో వచ్చే అక్షరం చికిత్స ఏ దశలో ఉందో చెబుతుంది. అక్కడ ‘ఏ’ అంటే మొదటిసారి ఆసుపత్రికి రావడం అనుకుంటారు చాలామంది. కాదు, అసలు చికిత్స జరుగుతున్నంతకాలం ఏ వస్తుంది. ఎమర్జెన్సీలో కడిగి కట్టు కట్టి పంపిస్తే, రెండు రోజుల తర్వాత ప్లాస్టిక్ సర్జన్ కుడితే అది కూడా ఏ కిందికే వస్తుంది. గాయం మానే దశలో కుట్లు తీయడం, కట్టు మార్చడం అయితే డి. కుట్లు తీయడానికి జెడ్48.02 అని ఒక కోడ్ ఉంది, చూడ్డానికి సరిగ్గా సరిపోయేలా ఉంటుంది. గాయాల విషయంలో మాత్రం అలాంటి జెడ్ కోడ్‌లు వాడకూడదు, గాయం కోడ్‌కే డి తగిలించాలి.

కోడ్ చివర ఎస్ వస్తే గాయం మానాక మిగిలిపోయిన నష్టం అని. చెవికి ఇది బాగా వర్తిస్తుంది. చెవి డొప్పలో ఉండే మృదులాస్థికి (కార్టిలేజ్‌కి) సొంత రక్తనాళాలు ఉండవు, పైనున్న పలచటి పొర నుంచే దానికి పోషణ అందుతుంది. ఆ పొర లేచిపోయినా, మధ్యలో రక్తం గడ్డకట్టినా, చీము పట్టినా లోపలి మృదులాస్థి చచ్చిపోయి చెవి ముద్దలా ముడుచుకుపోతుంది. కాలీఫ్లవర్ చెవి అని దానికే పేరు. నెలల తర్వాత దానికోసం వస్తే ముందు ఎం95.11 గానీ ఎం95.12 గానీ ఇచ్చి, ఆ వెనుక పాత కాటు కోడ్‌ను ఎస్ అక్షరంతో ఇవ్వాలి.

చెవి తమ్మెలో మృదులాస్థి లేదు. అందుకే గాయం తమ్మె మీదా, పై అంచు మీదా అన్నది వైద్యంలో చాలా పెద్ద తేడా. విచిత్రం ఏమిటంటే ఐసీడీ కోడ్‌కు ఆ తేడా పట్టదు, రెండింటికీ ఒకటే కోడ్. ఆ తేడా బయటపడేది కుట్ల లెక్కలో.

డబ్బు ఎక్కడ తేడా వస్తుంది

గాయం కుట్టడాన్ని సీపీటీ మూడు రకాలుగా విడదీస్తుంది. పైపొర మాత్రమే ఒక వరుసలో కుడితే సింపుల్. లోపలి పొర కూడా విడిగా కుడితే ఇంటర్మీడియట్. ఒకే వరుసలో కుట్టినా, గాయం బాగా మురికిపట్టి ఎక్కువసేపు కడిగి శుభ్రం చేయాల్సి వస్తే అది కూడా ఇంటర్మీడియట్టే. ఈ చివరి మాట కాటు గాయాలకు చాలా ముఖ్యం, జంతువు నోరు శుభ్రంగా ఉండదు కదా. కానీ ‘గాయం కడిగాం’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు, ఎంత మురికి ఉంది, ఎలా కడిగారు, ఏం తీసేశారు అన్నది కనిపించాలి.

మూడోది కాంప్లెక్స్. 2020 జనవరి నుంచి దీని నిర్వచనం మారింది. ఇంటర్మీడియట్‌కు కావాల్సినవన్నీ ఉండి, అదనంగా కొన్ని పరిస్థితుల్లో ఒకటైనా ఉండాలి. ఆ జాబితాలో మృదులాస్థి బయటపడటం ఒకటి, చెవి చుట్టు అంచు, అంటే హెలిక్స్ అంచు గాయపడటం ఇంకొకటి. చెవికి ఇంత సూటిగా తగిలే నిర్వచనం ఈ పుస్తకంలో మరోచోట దొరకడం కష్టం. కుక్క కొరికిన చెవిలో ఈ రెండూ కలిసి ఉండటం మామూలే. అయినా డాక్టర్ ‘చెవి గాయానికి కుట్లు వేశాం’ అని ముగించేస్తే అది సింపుల్‌గానే మిగులుతుంది. అలాగని మృదులాస్థి కనిపించింది కాబట్టి ఏకంగా కాంప్లెక్స్ ఇచ్చేయకూడదు, పొరలుగా కుట్టారని గానీ బాగా మురికిపట్టిన గాయాన్ని శుభ్రం చేశారని గానీ ముందు ఉండాలి.

ఇక కొలత. 2.8 సెంటీమీటర్ల చెవి గాయం అనుకుంటే సింపుల్ అయితే 12013, ఇంటర్మీడియట్ అయితే 12052, కాంప్లెక్స్ అయితే 13152. గాయం అదే, టేపు చూపించిన అంకె అదే, కోడ్‌లు మూడు. కొలత అసలే రాయకపోతే ఆ రకంలో అన్నిటికంటే చిన్న కోడ్‌తో సరిపెట్టుకోవాలి. ఒకే రకంగా కుట్టిన గాయాలు ఒకే శరీర భాగాల గుంపులో ఉంటే పొడవులు కలపాలి. సింపుల్, ఇంటర్మీడియట్ రకాల్లో చెవి, ముఖం ఒకే గుంపు కాబట్టి చెవి మీద 2, బుగ్గ మీద 1.5 ఉంటే మొత్తం 3.5. కాంప్లెక్స్‌లో మాత్రం చెవి ఒక గుంపులో, బుగ్గ వేరే గుంపులో ఉంటాయి, అక్కడ కలపకూడదు. ఇంకో చిన్న మెలిక, కాంప్లెక్స్ లెక్క 1.1 సెంటీమీటర్ల నుంచే మొదలవుతుంది. గాయం మీద అతికించే స్ట్రిప్స్ మాత్రమే వాడితే కుట్టినట్టు లెక్కే కాదు, అది డాక్టర్ చూసిన ఫీజులో కలిసిపోతుంది.

రేబిస్ లెక్క అక్కడ వేరు, ఇక్కడ వేరు

అమెరికాలో కుక్క కరిచిన ప్రతి కేసుకూ రేబిస్ అనుమానం కోడ్ జెడ్20.3 తగిలించడం తప్పు. అక్కడ ఆరోగ్యంగా ఉన్న పెంపుడు కుక్కను పది రోజులు గమనించి, అవసరమైతేనే టీకా మొదలుపెట్టే వీలుంది. డాక్టర్ రేబిస్ సోకే అవకాశం ఉందని భావించినట్టు నోట్‌లో ఉండాలి. టీకా వేస్తే జెడ్23, యాంటీబాడీల ఇంజెక్షన్ ఇస్తే జెడ్29.14. తర్వాతి డోసులకు వచ్చినప్పుడు ఏది ముందు రాయాలన్నది డబ్బు కట్టే సంస్థ నియమాలను కూడా చూసుకోవాల్సిన విషయం.

ఈ యాంటీబాడీల ఇంజెక్షన్, అంటే ఇమ్యునోగ్లోబ్యులిన్, చెవి దగ్గర కష్టం. మనిషి నుంచి తీసిన రకం అయితే కిలో బరువుకు 20 యూనిట్లు. 70 కిలోల మనిషికి 1400 యూనిట్లు అవుతుంది, మిల్లీలీటరుకు 150 యూనిట్లుండే మందైతే 9 మిల్లీలీటర్ల పైమాటే. అంత మందు చెవి డొప్పలో పట్టదు, బలవంతంగా ఎక్కిస్తే ఉన్న రక్తప్రసరణ కూడా దెబ్బతింటుంది. మిగిలిన మందును దూరంగా కండలో ఇవ్వాలని అమెరికా పద్ధతి, అక్కర్లేదని 2018 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఏది పాటించినా గాయంలో ఎంత ఇచ్చారు, బయట ఎంత ఇచ్చారు అన్నది రికార్డులో ఉండాలి.

భారత్‌లో ధోరణి మరోలా ఉంటుంది. వీధికుక్కల బెడద, రేబిస్ ముప్పు ఎక్కువ కాబట్టి చర్మం తెగిన కాటును మూడో కేటగిరీగా, అంటే ముప్పు అన్నిటికంటే ఎక్కువున్న కాటుగా, తీసుకుని గమనింపు కోసం ఆగకుండా టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ మొదలుపెడతారు. వీలైనంతవరకు కుట్లు వెయ్యరు, తప్పదనుకుంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాక వదులుగా రెండు మూడు వేస్తారు. అమెరికాలో ముఖం, చెవి కాట్లను అందం దెబ్బతినకుండా అదే రోజు కుట్టేయడం మామూలు. మన దగ్గర గాయాన్ని తెరిచి ఉంచడం చూసి పెరిగిన కోడర్‌కు అమెరికా చార్టులో మొదటిరోజే పొరలుగా కుట్టారని కనిపిస్తే అనుమానం రావొచ్చు, అక్కడ అది తప్పేమీ కాదు.

మన ఆసుపత్రుల్లో ఇదే చెవి

భారత్‌లో ఆసుపత్రి లెక్కలకు వాడే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10లో చెవికి తెరుచుకున్న గాయమైతే ఎస్01.3, అంతే. కాటు అని వేరుగా లేదు, కుడి ఎడమ లేదు, మొదటి విజిట్ తర్వాతి విజిట్ లేదు. అమెరికా తన అవసరాలకు, ముఖ్యంగా బిల్లింగ్ అవసరాలకు, దానికే తోకలు తగిలించుకుంది. మన దగ్గర బిల్లు కోడ్ మీద ఆధారపడటం తక్కువ కాబట్టి డాక్టర్ ఇంత వివరంగా రాయకపోయినా నడిచిపోతుందనిపిస్తుంది.

నడవని చోటు కోర్టు. మనిషి చెవి కొరికితే అది మెడికో లీగల్ కేసు, పోలీసులు ఆసుపత్రి నుంచి వూండ్ సర్టిఫికెట్ అడుగుతారు. అందులో గాయం సాధారణమా, తీవ్రమా అని రాయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ తీవ్ర గాయాల జాబితా ఇస్తుంది, అందులో ఏ చెవికైనా శాశ్వతంగా వినికిడి పోవడం ఉంది, తల లేదా ముఖం శాశ్వతంగా వికృతం కావడం కూడా ఉంది. డొప్ప ముక్క పోతే వినికిడి సాధారణంగా పోదు, కాబట్టి వాదన ఎక్కువగా రెండోదాని మీదే నడుస్తుంది. సాధారణ గాయానికి ఏడాది దాకా శిక్ష, తీవ్ర గాయానికి ఏడేళ్ల దాకా. మనిషి పళ్లను మారణాయుధంగా లెక్కించలేమని 2004లో ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అందువల్ల ఆయుధం సంగతి పక్కకు పోయి గాయం వర్ణన మీదే భారం ఎక్కువ పడుతుంది. డ్యూటీ డాక్టర్ ‘ఎడమ చెవికి కాటు గాయం’ అని వదిలేశాడా, లేక ‘ఎడమ చెవి పై అంచు నుంచి 1.5 సెంటీమీటర్ల ముక్క లేదు, మృదులాస్థి బయటికి కనిపిస్తోంది’ అని రాశాడా అన్నది ఆరు నెలల తర్వాత, గాయం మాని చెవి ఆకారం మారిపోయాక, లాయర్లు తిరగేసే కాగితం మీద కనిపిస్తుంది.